వాసుదేవరావు గారి మంచినీళ్ళు

ఆస్ట్రేలియాలో, కాన్‌బెర్రా శివారు గంగాలిన్‌లో తెలుగువాళ్ళ ఇంట్లో ఏ పుట్టినరోజుకు వెళ్ళినా, ఏ వ్రతానికి వెళ్ళినా ఒక దృశ్యం తప్పకుండా కనిపిస్తుంది. ఆడవాళ్ళం నలుగురం చేరి కబుర్లు మంచి రసపట్టులో ఉండగా, "ఎక్స్‌క్యూజ్ మీ అమ్మా, ఒక్క నిమిషం" అంటూ ఒక సన్నపాటి మనిషి నీలంరంగు స్టీలు సీసా పట్టుకుని మా మధ్యలోకి వస్తాడు. ఆయన వాసుదేవరావు గారు. ఆ సీసా ఆయన భార్య కళావతి గారికి. ఆవిడ మొహం చిట్లించి, సీసా అందుకుని, ఎత్తి నాలుగు గుక్కలు తాగి తిరిగి ఇచ్చేస్తుంది. ఆయన సీసాని కాస్త వంచి ఎంత తగ్గిందో చూసుకుని, తృప్తిగా తల ఊపి వెళ్ళిపోతాడు.

మగవాళ్ళు ఊరుకుంటారా? ఆయనకు వాటర్ బాయ్ అని పేరు పెట్టారు. అందులో మా ఆయన బాలమురళిది పైచేయి. "అంకుల్, వచ్చే పార్టీకి మీకు యూనిఫాం కుట్టిస్తం" అంటాడు. వాసుదేవరావు గారు నవ్వి, "ఖాకీ వద్దండి బాబూ, తెలుపైతే బావుంటుంది" అంటారు. ఆయనకు కోపం వచ్చినట్టు నేనెప్పుడూ చూడలేదు. నాకు మాత్రం మా ఆయన మీద బాగానే వచ్చేది.

ఎందుకంటే ఆ సీసా వెనక కథ నాకు తెలుసు. మా రెండిళ్ళకూ మధ్య ఒక చెక్క కంచె మాత్రమే అడ్డం. మాది హనుమకొండ, వాళ్ళది రాజమండ్రి. మేము కాన్‌బెర్రా వచ్చిన కొత్తలో ఇల్లు వెతికిపెట్టిందీ, నాకు కారు నడపడం నేర్పిందీ ఆ దంపతులే. ఆయన ఒక ప్రభుత్వ శాఖలో కంప్యూటర్లు మొరాయిస్తే సరిచేసే ఉద్యోగం చేసి రిటైరయ్యారు. ఆయన చెయ్యి పడితే మా ఇంట్లో వాషింగ్ మెషీన్ కూడా బుద్ధిగా తిరుగుతుంది.

తొమ్మిదేళ్ళ కిందట కళావతి గారికి రెండు కిడ్నీలూ పాడయ్యాయి. వారానికి మూడుసార్లు డయాలసిస్. అప్పటికి వాళ్ళమ్మాయి అక్షర మెల్‌బోర్న్‌లో యూనివర్సిటీలో చదువుతోంది. "ఐ విల్ గివ్ మైన్" అని ఆ పిల్ల ఫోన్‌లో ఏడ్చిందట. ఆయన ఆ మాట పూర్తి కానివ్వలేదు. తనే పరీక్షలు చేయించుకున్నారు. అదృష్టం కొద్దీ సరిపోయింది. విషయం తెలిసి ఇండియా నుంచి ఆయన అన్నయ్య ఫోన్ మీద ఫోన్. మగవాడివి, సంపాదించేవాడివి, రేపు నీకేమన్నా అయితే ఎలాగరా అని. కళావతి గారు ఈ సంగతి చెప్పినప్పుడు నాకు ఒళ్ళు మండింది. అదే భార్య భర్తకు ఇస్తే ఒక్క ఫోనైనా వచ్చేదా? మహా ఇల్లాలు అని దండ వేసి పక్కన కూర్చోబెట్టేవాళ్ళు. వాసుదేవరావు గారు మాత్రం అన్నయ్యతో పోట్లాడలేదట. "రెండున్నాయి కదన్నయ్యా, ఒకటి ఊరికే కూర్చుందంట" అన్నారట.

ఆపరేషన్ అయ్యాక డాక్టర్లు కళావతి గారికి రెండు షరతులు పెట్టారు. జీవితాంతం పూటపూటా మాత్రలు. నీళ్ళు పుష్కలంగా తాగాలి, ఎండిపోతే కొత్త కిడ్నీకి ముప్పు. ఇక అక్కడి నుంచి మొదలైంది ఈ సీసా ఉద్యోగం. ఆవిడకి నీళ్ళు తాగడం చిన్నప్పటి నుంచీ పరమ బద్ధకం. "ఈయన నన్ను ఆవుదూడలా చూస్తున్నాడు ఉదయశ్రీ" అని నా దగ్గర విసుక్కునేది. ఒక కిడ్నీతో ఉన్న మనిషి ఆయన కూడా కదా, ఆయనకు నీళ్ళెవరు ఇస్తున్నారు అన్న ప్రశ్న మా ఎవరికీ తట్టలేదు. అందరి కళ్ళూ సీసా అందుకునే చేతి మీదే ఉండేవి.

ఉప్పు కూడా తగ్గించమన్నారు గనక కళావతి గారికి కొన్న వడియాలు పనికిరావు. వడియం లేనిదే ఆవిడకి పప్పన్నం దిగదు. అందుకని ఆయనే ఉప్పు వెయ్యని సగ్గుబియ్యం వడియాలు పెట్టడం నేర్చుకున్నారు. కాన్‌బెర్రా చలికాలంలో ఎండ ఉంటుంది కానీ గాలి కత్తిలా కోస్తుంది, బయట పెడితే వడియం ఎండదు, వణుకుతుంది. అందుకు ఆయన కనిపెట్టిన ఉపాయం కారు. డాష్‌బోర్డు మీద నల్లని గుడ్డ పరిచి, వడియాలు పెట్టి, అద్దాలన్నీ మూసి, కారు మూతిని ఉత్తరానికి తిప్పి నిలబెడతారు. కారు లోపల మాత్రం మన ఊళ్ళో మేడ మీది మే నెల ఎండే. ఒకసారి మా వీధిలో కుక్కని తిప్పుకునే తెల్లాయన కారులోకి తొంగిచూసి, "వాట్స్ దట్, మేట్?" అని అడిగాడు. "చిప్స్" అన్నారు వాసుదేవరావు గారు. మర్నాడు ఆయనకి నాలుగు వేయించి ఇచ్చారు కూడా.

ఇంత ఉపోద్ఘాతం ఎందుకంటే, పోయిన జూలైలో మేం నలుగురం మంచు చూడ్డానికి వెళ్ళి ఇరుక్కుపోయిన సంగతి చెప్పాలి.

మంచుకొండల దారిలో అడామినబీ అనే ఊరు దాటాక కొండ మీద ఒక క్యాబిన్ అద్దెకు తీసుకున్నాం. మా ఆయన కొత్తగా కరెంటు కారు కొన్నాడు, దాని గొప్పలు చూపించుకోవాలి, అదీ అసలు కారణం. క్యాబిన్ కూడా కొత్తది, కట్టెల పొయ్యి లేదు, హీటరూ పొయ్యీ అన్నీ కరెంటువే. కుళాయిలో వచ్చేది బయటి ట్యాంకు నీళ్ళు, మోటారు నడిస్తేనే వస్తాయి, అవీ తాగడానికి పనికిరావని గోడ మీద రాసి ఉంది. తాగే నీళ్ళు మనమే తెచ్చుకోవాలి. పెద్ద నీళ్ళ డబ్బాలు రెండు తెచ్చాం. తెచ్చాం అంటే ఇంటి నుంచి తెచ్చాం. దారిలో కూమా ఊళ్ళో కారు చార్జింగ్‌కి ఆగినప్పుడు, కేబుల్ తియ్యడానికి మా ఆయన ఒక డబ్బాని డిక్కీలోంచి దించి పక్కన పెట్టాడు. కేబుల్ మళ్ళీ లోపలికి వచ్చింది. డబ్బా రాలేదు.

ఆ మలుపుల రోడ్డులో కళావతి గారికి వాంతులు. క్యాబిన్‌కి చేరేసరికి మనిషి తోటకూర కాడలా వాలిపోయింది. వాసుదేవరావు గారు ఆవిడని పడుకోబెట్టి, గుక్కగుక్కగా నీళ్ళు పట్టిస్తూ కూర్చున్నారు.

మా ఆయనకి అవేమీ పట్టలేదు. వరండాలో మంచు, చేతిలో ఫోను, మనసులో మిరపకాయ బజ్జీ. ఇక్కడ మన వాళ్ళందరి పెరళ్ళలో దోసెలు పోసే చిన్న గ్యాస్ పొయ్యి ఉంటుందే, డబ్బా పెట్టి వెలిగించేది, అది తెచ్చాడు. మంచులో కూర్చుని వేడివేడి బజ్జీ తింటున్న ఫొటో వాట్సప్ గ్రూపులో పెట్టాలని ముచ్చట. ఆ చలికి గ్యాస్ సరిగ్గా రాదు. మంట మిణుకు మిణుకుమంటోంది. నూనె కాగదు. ఒక గ్యాస్ డబ్బా ఖాళీ చేసి, రెండోది సగం తగలేసి, చివరికి నూనె పీల్చిన మెత్తటి బజ్జీలు నాలుగు తీశాడు. ఫొటోలో మాత్రం బ్రహ్మాండంగా ఉన్నాయి.

అంతటితో ఆగాడా? నాకు సాయం చేస్తానని బియ్యం కడిగాడు. వాళ్ళమ్మ నేర్పినట్టు మూడు నీళ్ళు పోసి కడిగాడు. నాలుగోసారి ఎసరు. కుళాయి నీళ్ళు వాసనొస్తున్నాయని అన్నీ తాగే డబ్బాలోంచే. నేను చూసేసరికి కడుగునీళ్ళు సింకులో తెల్లగా సుడి తిరుగుతూ పోతున్నాయి.

"డబ్బా సగమైంది గదా!" అన్నాను.

"కడగకుంట ఎట్ల తింటరు ఉదయా? ఇంకో డబ్బా ఉన్నది గదా డిక్కీల" అన్నాడు. డిక్కీలో చూశాక ఆయన మొహం చూడాలి.

రాత్రి గాలివాన లాంటి మంచు. ఎక్కడో చెట్టు విరిగి తీగల మీద పడ్డట్టుంది, కరెంటు పోయింది. తెల్లారి లేచేసరికి రోడ్డు లేదు, మెట్లు లేవు, మోకాలి లోతు తెలుపు. ఫోన్లో సిగ్నల్ లేదు. మోటారు తిరగదు. ట్యాంకు కుళాయి గడ్డకట్టింది. లోపల హీటర్ లేదు. పైగా కళావతి గారికి మళ్ళీ వాంతి.

"ఏం గాదు అంకుల్" అన్నాడు మా ఆయన. "ఈ ఆర్వోకే రోడ్డు క్లియర్ జేస్తరు."

ఆర్వో, అంటే ఇక్కడి వాళ్ళ మధ్యాహ్నం, వచ్చింది, వెళ్ళింది. రోజంతా మబ్బు, మంచు కురుస్తూనే ఉంది. నడిచి వెళ్దామంటే ఎటు వెళ్ళాలో తెలీదు.

వాసుదేవరావు గారు డబ్బాలో మిగిలిన నీళ్ళు చూసి, గొంతు పెంచకుండానే చెప్పారు. "ఇది కళకి ఉంచేద్దామండి. వాంతులైనప్పుడు నీళ్ళు ఎక్కువ తాగించాలన్నారు డాక్టరు. లేకపోతే ఆ కిడ్నీ తట్టుకోదు." మేం ఇద్దరం తలూపాం. మాకు ఒక మామిడిపండ్ల జ్యూస్ సీసా ఉంది. దాంతో ఆ రోజు నెట్టుకొచ్చాం. ఆయన జ్యూస్ వద్దన్నారు, తీపి పడదన్నారు.

మధ్యాహ్నం మా ఆయన గిన్నెడు మంచు తెచ్చి గ్యాస్ పొయ్యి మీద పెట్టాడు. వాసుదేవరావు గారు వచ్చి పొయ్యి కట్టేశారు. ఆయన ఎవరి చేతిలో పనైనా అలా ఆపడం నేనదే చూడటం.

"మంచు కరగడానికే గ్యాసంతా తినేస్తుంది బాబూ. కరిగేక మరిగించడానికి ఇంకేం మిగల్దు. కళకి మరగని నీళ్ళు పనికిరావు. ఆ మాత్రలు ఒంట్లో శక్తిని తగ్గించేస్తాయి, చిన్న పురుగు పడినా మంచం పడుతుంది. ఈ గ్యాస్ డబ్బా మరిగించడానికే దాచుకోవాలి."

"మరి కరగవెట్టుడు ఎట్ల అంకుల్?"

ఆయన కిటికీలోంచి పైకి చూశారు. "ఎండ రావాలి" అన్నారు.

కారులో హీటర్ వేసి మంచు కరిగిద్దామంటే, ఆ కారే మా ప్రాణం. బ్యాటరీ ఎక్కువ లేదు. రాత్రి నలుగురం అందులో కూర్చుని, ఒళ్ళు బిగుసుకుపోయినప్పుడల్లా కాసేపు హీటర్ వేసుకుంటూ గడిపాం. కళావతి గారు నిద్రలో కూడా పెదాలు తడుపుకుంటోంది. ఆయన ఆవిడ చెయ్యి పట్టుకుని, వేళ్ళతో చర్మం చిటికెడు పట్టి లాగి వదిలి చూస్తున్నారు, అది ఎంత త్వరగా సర్దుకుంటుందా అని. ఆ చీకట్లో నాకు మా ఆయన మీద కోపం, బజ్జీల మీద కోపం, ఈ మంచు మీద కోపం. భయాన్ని కోపం కింద దాచుకోవడం నాకు అలవాటు.

తెల్లారింది. ఎండ వచ్చింది. మబ్బు ముక్క లేదు. మంచు మీద పడి ఎండ కళ్ళు పొడిచేస్తోంది, చలి మాత్రం ఎముకల్లోనే ఉంది. డబ్బాలో నీళ్ళు అడుగంటాయి. ఆవిడ మాత్రకు సరిపోను ఒక గ్లాసు, అంతే.

వాసుదేవరావు గారు అప్పటికే లేచి కారు అద్దం మీది మంచును అన్నం హస్తంతో గీకేస్తున్నారు. "మురళీ, బండి తిప్పాలి బాబూ" అన్నారు.

"మంచిగనే ఉన్నది గదా అంకుల్, దక్షిణం మొఖం. చలికాలం ఎండ దక్షిణం దిక్కు నుంచే గదా వస్తది."

"అది హనుమకొండలో అండి. ఇక్కడ సూర్యుడు ఉత్తరం వైపు నడుస్తాడు. నా వడియాల్ని అడుగు, చెప్తాయి."

ముగ్గురం పళ్ళేలతో, బేకింగ్ ట్రేలతో చక్రాల చుట్టూ మంచు తవ్వాం. మా ఆయన మెల్లగా ముందుకూ వెనక్కూ కదిలించి మూతి ఉత్తరానికి తిప్పాడు. మధ్యలో వాసుదేవరావు గారు ఒకసారి మంచులో కూర్చుండిపోయారు. పరిగెత్తుకెళితే, "జారిందమ్మా" అన్నారు. పెదాలు పగిలి ఉన్నాయి. ఈ గాలికి అందరి పెదాలూ పగిలాయి కదా అనుకున్నాను.

తర్వాత ఆయన పని మొదలైంది. నల్లని చెత్త సంచులు, కొత్తవి, కత్తిరించి బేకింగ్ ట్రేలలో, స్టీలు పళ్ళేలలో అడుగున పరిచారు. మనుషులు తొక్కని చోట, చెట్ల కింద కాకుండా, పైపొర మంచు మాత్రం తెమ్మన్నారు. డబ్బా అడుగున మిగిలిన నీళ్ళలోంచి ట్రేలో ఒక్క చెంచా పోసి, దాని మీద మంచు పల్చగా పరిచారు. "కుక్కితే పైదాన్ని కిందది చల్లబరుస్తుంది. వడియం లాగా పల్చగా ఉండాలి" అన్నారు. ట్రేలన్నీ డాష్‌బోర్డు మీద వరసగా పెట్టి, అద్దాలు మూసేశారు. ఎండాకాలం అద్దానికి అడ్డం పెట్టే వెండిరంగు అట్ట ఉంటుంది కదా, దాన్ని బానెట్ మీద ఏటవాలుగా పరిచారు. దాని మీద పడ్డ ఎండ కూడా వెళ్ళి ట్రేల మీద పడింది.

మేం ముగ్గురం కారు చుట్టూ నిలబడి చూస్తున్నాం, పొయ్యి మీద పాలు చూసినట్టు. మొదట ఏమీ కాలేదు. తర్వాత మంచు అంచులు బూడిదరంగుకు తిరిగాయి. తర్వాత మధ్యలో ఒక గుంట. చూస్తుండగానే ట్రే నిండా ఉన్న తెలుపు కుంగిపోయి, అడుగున కాసిని నీళ్ళు మెరిశాయి. అంత మంచుకు ఇన్నే నీళ్ళా అనిపించింది. గుక్కెడు కూడా కాదు. ఆయన మాత్రం, "వచ్చేసాయి, వచ్చేసాయి" అని చిన్నపిల్లాడిలా అన్నారు. మళ్ళీ మంచు వేశాం. మళ్ళీ కరిగింది. పొద్దు పైకి వెళ్ళేకొద్దీ కారు లోపల వేడెక్కింది, తలుపు తీస్తే మొహానికి వెచ్చగా కొడుతోంది. కరిగిన నీళ్ళు కూడా కాస్త గోరువెచ్చనవుతున్నాయి. నేను మంచు తెస్తుంటే, మా ఆయన ట్రేలు మారుస్తుంటే, ఆయన నా కాటన్ చున్నీ నాలుగు మడతలు వేసి నీళ్ళు వడకట్టి గిన్నెలో పోస్తున్నారు. నాకెందుకో ఏడుపొచ్చింది. ఈ చేతులతోనే కదా ఈయన తొమ్మిదేళ్ళుగా సీసా మోస్తున్నాడు అనిపించింది.

గ్యాస్ డబ్బాని మా ఆయన రాత్రంతా దుప్పట్లో పొట్టకు ఆనించి పెట్టుకున్నాడు, వెచ్చగా ఉంటే మంట బాగా వస్తుందని అంకుల్ చెప్పారట. బజ్జీల పాపం అలా కడుక్కున్నాడు. పొయ్యి వెలిగింది. నీళ్ళు మరిగాయి. మొదటి గ్లాసు చల్లార్చి ఆవిడకు. మిగతావి నీలం సీసాలోకి. అది నిండేసరికి మధ్యాహ్నం దాటింది.

"ఇప్పుడు అందరం తాగొచ్చు" అన్నారు వాసుదేవరావు గారు. అందరికీ గ్లాసుల్లో సమానంగా పోశారు. మా ఆయన ఎత్తి గటగటా తాగాడు. నేనూ తాగాను. కరిగిన మంచుకు రుచీ పచీ లేదు, కానీ అంత మంచి నీళ్ళు నేనింతకు ముందు తాగలేదు. ఆయన తన గ్లాసు పట్టుకుని వంటగట్టు వైపు వెళ్ళారు, అటు తిరిగి నిలబడ్డారు, వచ్చారు.

"తాగిన్రా అంకుల్?" అన్నాను.

"తాగేనమ్మా."

మంచం మీద కళావతి గారు కళ్ళు మూసుకునే ఉంది. మాత్ర టైమైంది. ఆయన సీసా, మాత్ర తీసుకుని పక్కన కూర్చున్నారు. "కళా, లే. మాత్ర."

ఆవిడ కళ్ళు తెరవలేదు. "ముందు మీరు తాగండి" అంది.

"నేను తాగేశాను కదే, ఇందాక."

"తాగలేదు. గుటక వినపడలేదు నాకు."

ఆయన చెయ్యి సీసా మీద ఆగిపోయింది.

"ఫ్రిజ్జు చప్పుడు లేదు, హీటర్ చప్పుడు లేదు. ఈ ఇంట్లో నిన్నట్నుంచీ నేను చేసిన పని వినడమే" అంది కళావతి గారు. గొంతు నీరసంగా ఉంది కానీ మాట తడబడలేదు. "మురళి తాగితే వీధిలోకి వినపడుతుంది. ఈ పిల్ల తాగితే వినపడింది. మీ గ్లాసు తిరిగి సీసాలో పోసుకున్నారు, ఆ చప్పుడూ వినపడింది. నిన్న జ్యూస్ వద్దన్నదీ విన్నాను."

"నాకు దాహంగా లేదు కళా."

"నాకుందా?" ఆవిడ లేచి కూర్చుంది. "తొమ్మిదేళ్ళలో నేను దాహమేసి తాగిందెన్నిసార్లు? దాహం లేదు మహాప్రభో అంటే ఒక్కనాడన్నా విన్నారా?"

"నీ సంగతి వేరు కదా."

"ఏం వేరు? నాకొకటి, మీకొకటి. నాది పాడైతే మీరిచ్చారు. మీది పాడైతే నేనేమిచ్చేది? నా దగ్గరున్నది కూడా మీదే కదండీ!"

ఆవిడ మాత్ర ఆయన అరచేతిలో పెట్టి, వేళ్ళు మూసేసింది. పెదాలు బిగించుకుంది. ఆవిడ ఆ మాత్ర వేళకు వేసుకోవాలి, నీళ్ళు తాగాలి, అది ఆ గదిలో మా నలుగురికీ తెలుసు. ఆవిడ కూర్చున్న తీరు చూస్తే ఆయన తాగేవరకూ సాయంత్రమైనా తాగేలా లేదు. వాసుదేవరావు గారు సీసా వైపు చూశారు. "సరిపోవు కళా. పొద్దు వాలిపోతోంది. రాత్రికి నీకు కావాలి" అన్నారు. అప్పుడు గానీ ఆయన ఏం లెక్కేసుకున్నారో నాకు అర్థం కాలేదు. రోడ్డు రేపు కూడా తెరవకపోతే, రేపు మబ్బు పడితే, అని ఆయన తన వాటా దాచేస్తున్నారు. రెండు రోజులుగా.

"నేను మంచు తెస్త అంకుల్" అన్నాడు మా ఆయన. "ఎండ ఇంకా ఉన్నది. మీరు తాగుండ్రి. దండం పెడ్త, తాగుండ్రి." అని వినకుండా గిన్నె పట్టుకుని బయటికి పరిగెత్తాడు. జీవితంలో ఆయన చేసిన మంచి పనుల్లో ఇది ఒకటని నేను ఒప్పుకుంటాను.

వాసుదేవరావు గారు సీసా ఎత్తారు. గుటక పడింది. ఇంకోటి. ఆ తర్వాత ఆయన వల్ల కాలేదు, సీసా వదలకుండా గటగటా తాగేశారు, నీళ్ళు గడ్డం మీంచి కారాయి. మనిషి ఎంత దాహంగా ఉన్నాడో ఆ చప్పుడులోనే తెలిసింది. కళావతి గారు కళ్ళార్పకుండా వింది. అప్పుడు ఆయన చేతిలోంచి మాత్ర తీసుకుని నోట్లో వేసుకుంది. నేను గోడ వైపు తిరిగి ముక్కు తుడుచుకున్నాను.

చీకటి పడబోతుండగా మంచు తోసే బండి పసుపు దీపాలు కొండ మలుపులో కనిపించాయి. మేం కొండ దిగి కూమా ఆసుపత్రికి వెళ్ళాం. ఆవిడ రక్తపరీక్ష బాగానే వచ్చింది. ఆయనదే కాస్త తేడా వచ్చింది. డాక్టరమ్మ గట్టిగా మందలించి, సెలైన్ పెట్టి, ఏటా పరీక్షలు చేయించుకుంటున్నారా అని అడిగింది. ఆయన నేల చూపులు చూశారు. కళావతి గారు అక్కడికక్కడే అపాయింట్‌మెంట్ పెట్టించింది. వారం తిరిగేసరికి ఆయనకీ అంతా సర్దుకుంది.

మొన్న వినాయకచవితికి కమ్యూనిటీ హాల్లో అందరం కలిశాం. మగవాళ్ళు ఒక మూల పేకాట. కళావతి గారు ఎర్రరంగు కొత్త స్టీలు సీసా పట్టుకుని ఆ గుంపు మధ్యలోకి వెళ్ళింది. "ఎక్స్‌క్యూజ్ మీ బాబూ, ఒక్క నిమిషం."

కొత్తగా వచ్చిన కుర్రాడెవరో నవ్వబోయాడు. మా ఆయన చెయ్యెత్తి ఆపాడు. "ష్! అంకుల్ తాగుతున్నడు."

ముక్కలు పట్టుకున్న చేతులు ఆగాయి. హాలు మూల నిశ్శబ్దమైంది. వాసుదేవరావు గారు సిగ్గుపడుతూ సీసా ఎత్తి తాగారు.

"వినపడలేదండీ" అంది ఆవిడ.

ఆయన మళ్ళీ ఎత్తారు. ఈసారి ఆవిడ ఆయన గొంతు దగ్గరికి చెవి వంచి విన్నది. తర్వాత సీసా అందుకుని, కాస్త వంచి ఎంత తగ్గిందో చూసుకుని, మా వైపు వచ్చేసింది.